ఓడల లెక్కన హోంవర్కు

మా నాన్న పోర్టులో వించి డ్రైవరు. ఓడల్లోకి సరుకు ఎత్తి దించే యంత్రం నడిపేవాడు. రేవుకి ఏ దేశం ఓడ వస్తే ఆ దేశం పిల్లల హోంవర్కు ఆ సాయంత్రానికల్లా మల్కాపురంలో మా ఇంటికి చేరిపోయేది. జపాను పిల్లలు సెలవుల్లో కూడా రాస్తారట. పోలండు పిల్లలు మంచు పడుతున్నా ఆపరట. ఓడవాళ్ళకి రాని ఇంగ్లీషూ, నాన్నకి రాని ఇంగ్లీషూ కలిసి ఇంత సమాచారం ఎలా పుట్టేదో నాకిప్పటికీ తెలీదు. హోంవర్కు తక్కువిచ్చే దేశం ఒక్కటీ మా రేవుకి రాలేదు. అలాంటి దేశాలకి ఓడలే ఉండవని నాన్న అభిప్రాయం.

డెబ్భైల చివర్లో నేను ఏడో తరగతి. స్కూలు బాల్ బాడ్మింటన్ టీము ఎంపిక దగ్గరపడింది. సాయంత్రాలు గ్రౌండులో కనబడని పిల్లల్ని మా డ్రిల్లు టీచరు మర్చిపోయేది. నా బ్యాటు మాత్రం బీరువా మీద ఉండేది. లెక్కలు పూర్తయితేగానీ కిందికి దిగదు. ఇంతమంది ఇన్ని రోజుల్లో చేసే పనిని అంతమంది ఎన్ని రోజుల్లో చేస్తారనే లెక్కలవి, పొద్దుగూకినా తెమిలేవి కావు. బ్యాటు వైపు చూస్తే ఏడుపొచ్చేది. జపాను మీద ఒళ్ళు మండేది.

ఓ ఆదివారం నాన్న గ్రీసు ఓడలో వంటవాణ్ణి భోజనానికి తీసుకొచ్చాడు. అమ్మ పెట్టిన వంజరం చేప పులుసుకి అతను చెమటలు కక్కుతూనే మారు అడిగాడు. అదను చూసి, మీ దేశంలో హోంవర్కు ఎంతిస్తారని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. చాలా ఇస్తారన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది. ఆ బాధ పడలేకే ఇంట్లోంచి పారిపోయి ఓడెక్కేశానని అతను వేళ్ళు నాకుతూ చెప్పాడు. ఆ ముక్కని నేను తెలుగులో కాస్త గట్టిగానే వినిపించాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

అతన్ని సాగనంపి వచ్చి నాన్న బీరువా ముందు నిలబడ్డాడు. తనూ ఐదో తరగతిలో బడి మానేసిన మనిషే. చివరికి బ్యాటు దించి నా చేతిలో పెట్టి, లెక్కల పుస్తకం లాక్కున్నాడు.

"నువ్వెల్లి ఆడుకో. ఇక్కడ్నించి నాను సేత్తాను."

పోర్టులో ఒక వించికి ఇద్దరుంటారు. ఒకడు నడుపుతుంటే రెండోవాడు టీ తాగొస్తాడు, తర్వాత మారతారు. హోంవర్కుకీ అదే పద్ధతనుకున్నాడు మహానుభావుడు. నేను నోరు మూసుకుని గ్రౌండుకి పరిగెత్తాను.

సోమవారం లెక్కల మేష్టారు పుస్తకం తెరిచి అలాగే ఉండిపోయారు. ఒక లెక్క మధ్యలో మా నాన్న అడ్డంగా గీత గీసి, 'ఇక్కడి నుంచి నాన్న' అని రాసి సంతకం కూడా పెట్టాడు. డ్యూటీ మారితే రాయాలి కదా మరి. ఆ కిందివన్నీ తప్పులే. మనుషుల్ని రెట్టింపు చేస్తే సగంమంది నిలబడి చూస్తారు కాబట్టి రోజులేమీ తగ్గవని తేల్చాడు. క్లాసంతా ఇకిలించింది. మేష్టారు మాత్రం నవ్వలేదు. తప్పు ఎవరిదో వాళ్ళే దిద్ది తేవాలన్నారు.

సిగ్గుతో చచ్చి, ఇంటికొచ్చి నాన్న మీద అరిచాను. ఎంపిక ఆ సాయంత్రమే. అవన్నీ కూర్చుని దిద్దితే చీకటి పడిపోతుంది. నాన్న చొక్కా విప్పి దండేనికి తగిలించి, పుస్తకం ముందు బాసింపట్టు వేశాడు.

"తప్పు నాది గదా, నువ్వెందుకు కూకోడం? ఎల్లు."

టీములో నా పేరు చదివారు. చెప్పాలని ఇంటిదాకా ఆగకుండా పరిగెత్తుకొచ్చాను. నాన్న నన్ను నోరు తెరవనివ్వలేదు. చేతులకి సిరా, నుదుటికి సిరా, మొహంలో మాత్రం చెప్పలేనంత సంబరం. చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఈ లెక్కల్లో మనుసులు టీ తాగరమ్మా. అది తెలిత్తే సాలు," అన్నాడు.

ఇక మొదటి లెక్క నుంచి నాకు చెప్పడం మొదలుపెట్టాడు. టీము సంగతి చెప్పడానికి, అవన్నీ నాకు అర్థమయ్యాయని ఆయనకి నమ్మకం కుదిరేదాకా ఆగాల్సి వచ్చింది.