ఎల్బీనగర్‌లో దిగిపోయిన మనిషి

మా గల్లీలో విజయశ్రీ అక్క గురించి ఒక మాట తిరుగుతోంది. శ్రావణమాసం చివరి ఆదివారం పొద్దున ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఒక చిన్న తెల్ల కారు ఆగిందట. అందులోంచి ఒక మగమనిషి దిగి, తలుపు ధడేల్మని వేసి, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా పోయి బస్సెక్కాడట. కారులో విజయశ్రీ అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుందట. చూసింది ముత్తమ్మ అల్లుడు. పాల ప్యాకెట్ల షాపు ముందు నిలబడి అందరికీ చెప్పింది ముత్తమ్మ.

"ఎన్ని ఆదివారాలాయె తిరగవట్టి. మోజు తీరింది, దిగిండు, పోయిండు. గంతే."

నేను పెరుగు ప్యాకెట్ కోసం పోయి అక్కడే నిలబడి ఉన్నాను. నలుగురి ముందు నాకు నోరు లేవదు. ప్యాకెట్ తీసుకుని వచ్చేశాను. మన్సూరాబాద్‌లో మా గది, విజయశ్రీ అక్క గది ఒకే ఇంటి మేడ మీద పక్కపక్కనే ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె జాకెట్లు కుట్టే షాపులోనే నేను హుక్కులు, ఫాల్స్ కుడతాను. పదో తరగతి మధ్యలో బడి మానేసినప్పటి నుంచి ఆమె పక్కనే కూర్చుంటున్నాను. అందుకని ఆమె సంగతి కొంచెం తెలుసు.

ఆమె నల్లగొండ దగ్గరి పల్లె నుంచి పెళ్ళై ఇక్కడికి వచ్చింది. భర్త జగన్ ప్లాట్లు అమ్మే ఒక సేటు దగ్గర డ్రైవర్. సేటు ఊరికి పోయిన రోజుల్లో కారు మా గల్లీలోనే ఉండేది. జగన్ అన్న బకెట్‌తో నీళ్ళు కొట్టి కడిగితే, ఆమె పాత చీర ముక్కతో అద్దాలు తుడిచేది. లోపల మాత్రం కూర్చోనిచ్చేవాడు కాదు. ఓనర్ బండిలో మనం కూర్చోకూడదనేవాడు. ఒక్కసారి పెద్ద వానకు బస్సులు ఆగిపోతే, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆమెను ఆ కారులో ఇంటికి తెచ్చాడు. వెనక సీటు ముందు పేపర్ పరిచి కాళ్ళు దాని మీద పెట్టుకోమన్నాడు. తడిసిన చెప్పులు చేతిలో పట్టుకోమన్నాడు. పేపర్ తడిసి చిరిగి కిందికి బురద అంటుతుందేమోనని, ఇల్లు వచ్చేదాకా కాళ్ళు గాలిలో ఎత్తిపెట్టుకునే కూర్చున్నానని ఆమె నవ్వుతూ చెప్పేది. ఆ సంగతి మూడుసార్లు విన్నాను. మూడోసారి ఆమె నవ్వలేదు. అప్పటికి జగన్ అన్న గుండె ఆగి పోయి ఏడాదైంది.

ఆ తర్వాతే ఆమెకు కారు మీదికి మనసు పోయింది. పెద్ద కార్ల వంక అసలు చూసేది కాదు. మెట్రో పిల్లర్ల మధ్య ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బండ్లలోంచి చిన్నవాటినే ఏరుకుని చూసేది. జాకెట్ ఇవ్వడానికి వచ్చిన వాళ్ళను వాళ్ళ బండి లీటర్‌కు ఎంత ఇస్తుందని అడిగేది. రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు పెట్రోల్‌దే మేలట, డీజిల్ దండుగట, ఇంజన్ చిన్నదైతే సిటీకి సరిపోతుందట, మన గల్లీ మలుపులో ఒక్క తిప్పుకే తిరుగుతుందట అని, ఎవరికో మంచి సంబంధం వచ్చినట్టుగా నాకు చెప్పేది. ఒకరోజు ఇంచ్ టేపు తీసుకుని, మా ఇంటి గేటుకూ బోరుకూ మధ్య ఎంత జాగా ఉందో కొలిచి, గోడ మీద మార్కింగ్ చాక్‌తో గీత గీసింది. ఇంటి ఓనర్ కోడలు అది చూసి, గోడకు కూడా జాకెట్ కుడుతున్నావా అని ఎగతాళి చేసింది.

కారు కొంటే ఎక్కడికి పోతావని నేను అడిగాను.

"యాడికని ఏం లేదు పిల్లా. కాళ్ళు కింద పెట్టుకోని కూసుంట."

లైసెన్స్ ఆమెకు అప్పటికే ఉంది. డ్రైవింగ్ స్కూల్‌కు పోయి, నాగోల్‌లో టెస్టు పాసై తెచ్చుకుంది. కానీ స్కూల్ కారులో నేర్పే ఆయన కాళ్ళ దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. పని అంతా ఆయన కాళ్ళే చేశాయని, తన కాళ్ళు ఊరికే ఉన్నాయని ఆమె ఒప్పుకునేది. ఆ కార్డు పర్సులో జగన్ అన్న ఫొటో వెనక రెండేళ్ళు ఉండిపోయింది.

ఇట్లా ఉండగా సైదాబాద్ నుంచి బిందుమాధవి టీచరమ్మ సీటు కవర్లు కుట్టాలని కబురు పంపింది. ఆమె కృష్ణా జిల్లా మనిషి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఏళ్ళ తరబడి విజయశ్రీ అక్క దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. మేమిద్దరం పోయేసరికి ఆ ఇంటి పోర్టికోలో తెల్ల కారు ఉంది. పదకొండేళ్ళ పాత పెట్రోల్ కారు, చిన్నది, గీతలు పెద్దగా లేవు. ఎడమ ముందు తలుపు మాత్రం బలంగా వేస్తే తప్ప పడదు. విజయశ్రీ అక్క సీట్లకు కొలతలు తీసింది. వీపు, భుజం, తల పెట్టుకునేచోటు, అన్నీ మనిషికి తీసినట్టే తీసింది. ఒకే సీటును రెండుసార్లు కొలిచింది. అది డ్రైవర్ సీటు.

టీచరమ్మ అది చూస్తూనే ఉంది. రిటైరయ్యేదాకా బడికి ఆ కారులోనే తనే నడుపుకుంటూ పోయిందట. మోకాలి ఆపరేషన్ అయ్యాక క్లచ్ నొక్కలేకపోతోంది. శ్రావణం అయిపోగానే చెల్లెలి ఇంటికి మారిపోతోంది, అక్కడ కారు పెట్టే చోటు లేదు. అమ్మడానికే కవర్లు మార్పిస్తోందని తెలిసి, నాకు ఇస్తారా మేడం అని విజయశ్రీ అక్క అడిగేసింది. ఆమె అంత సూటిగా ఎవరినైనా ఏదైనా అడగడం నేను అప్పుడే విన్నాను. చిట్టీ ఎత్తి ఇస్తానంది. టీచరమ్మకు డబ్బు గురించి పట్టింపు లేదు.

"కొనడం ఎవరైనా కొంటారమ్మా. తీసుకెళ్ళి మూలన పెట్టి కవర్ కప్పేస్తారు. మీరే నడిపి, ఈ ర్యాంపు ఎక్కించి బయటికి తీసుకెళ్ళండి. అలాగైతే మీకే ఇస్తాను. శ్రావణం దాటితే మాత్రం బ్రోకర్ని పిలుస్తాను."

ఆ ర్యాంపు చిన్నదే, కానీ నిటారుగా ఉంటుంది. ఆ వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తూ పోతే రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్ళు కిందికి దిగిపోయాయి. పోర్టికోలోంచి రోడ్డు మీదికి రావాలంటే కారు ముక్కు ఆకాశం చూడాలి.

బ్యాటరీ పాడవకుండా ప్రతి ఆదివారం బక్కయ్య అనే ఆయన వచ్చి ఆ కారును ఒక చుట్టు తిప్పి పెడతాడు. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయననే నేర్పమని టీచరమ్మ చెప్పింది. ఆయన కూడా నల్లగొండ దిక్కువాడే కావడంతో మొదటి రోజే విజయశ్రీ అక్క కాకా అంది, ఆయన బిడ్డా అన్నాడు. ఆయన పక్క సీట్లో కూర్చుని, కుడి చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద వేసి ఉంచేవాడు. మామూలు కారులో నేర్పేవాడికి అదొక్కటే బ్రేకు. నేను తోడుగా వెనక కూర్చునేదాన్ని. పొద్దున ఆరింటికి చంపాపేట్ రోడ్డు మీద బండ్లు తక్కువ. రోడ్డెక్కితే విజయశ్రీ అక్క బాగానే నడిపేది. గేర్లు మార్చేటప్పుడు పెదవులు కొరుక్కునేది, అంతే.

ర్యాంపు మాత్రం ఎక్కలేదు. సగం పోయేసరికి కారు ఒక్క ఊపు ఊగి ఆగిపోయేది, వెనక్కి జారేది. బక్కయ్య హ్యాండ్ బ్రేక్ లాగేవాడు. దిగి, ఇటు వచ్చి, తనే పైకి ఎక్కించేవాడు. మొదటి ఆదివారం అంతే. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం ఆయన లాగేలోపే కారు జారి వెనక తులసి కుండీకి తగిలింది. కుండీ పగల్లేదు, అంచు పెచ్చు లేచింది. టీచరమ్మ మెట్ల మీద నిలబడి చూసింది. ఇంకొక్క ఆదివారమే ఉందని గుర్తు చేసింది.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే విజయశ్రీ అక్క కిటికీలోంచి కార్లను చూడలేదు. ఇంటికి వచ్చాక గోడ మీది చాక్ గీతను తడిగుడ్డతో తుడిచింది.

మర్నాడు షాపులో శ్రావణం పెళ్ళిళ్ళ జాకెట్లు కుప్పగా ఉన్నాయి. ఆమె మోటారు మిషన్ మీద జరీ అంచు కుడుతోంది. గుడ్డ ముడత పడి వేలు సూది దగ్గరికి పోయింది. ఆమె చటుక్కున కాలు పైకి తీసింది. మిషన్ ఆగింది. నాకు అప్పుడు ర్యాంపు గుర్తొచ్చింది. కారు జారబోతున్న ప్రతిసారీ నేను వెనక నుంచి చూశాను, ఆమె మోకాళ్ళు రెండూ ఒక్కసారి పైకి లేచేవి. మిషన్ మీద నొక్కితే పరుగు, తీస్తే ఆగుతుంది. భయమేస్తే కాలు తీయడం ఇరవై ఏళ్ళుగా ఆమె కాళ్ళకు అలవాటు. కారులో రెండు కాళ్ళూ అట్లా తీస్తే ఇంజన్ ఆగిపోతుంది, బ్రేకు కూడా ఉండదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు ఆ మాట చెప్పాను. ఆమె తినడం ఆపి తన కాళ్ళ వంక చూసుకుంది.

ఆ వారమంతా కటింగ్ టేబుల్ కింద క్లచ్‌కొకటి, బ్రేకుకొకటి అని రెండు ఖాళీ దారపు డబ్బాలు పెట్టుకుంది. గుడ్డ కత్తిరిస్తూనే ఎడమ కాలు మెల్లగా లేపేది, కుడికాలు మెల్లగా దించేది. మధ్యలో నన్ను టేబుల్ మీద గట్టిగా కొట్టమనేది. నేను కొడితే ఉలిక్కిపడి రెండు కాళ్ళూ లేపేది. బుధవారం దాకా లేపింది. శుక్రవారం కొడితే రెండు కాళ్ళూ డబ్బాల మీద గట్టిగా అదిమే ఉన్నాయి. ఒక డబ్బా మూత సొట్టపడింది. బేరానికి వచ్చిన ఒకావిడ, టైలరమ్మకు పూనకం వచ్చిందా అని అడిగింది.

చివరి ఆదివారం విజయశ్రీ అక్క చెప్పులు విప్పి వెనక నా చేతికిచ్చింది. మిషన్ తొక్కేటప్పుడు ఆమెవి ఎప్పుడూ ఉత్త కాళ్ళే. కుట్టిన కొత్త కవర్లు సీట్లకు ఉన్నాయి. టీచరమ్మ మెట్ల మీదికి వచ్చి, బక్కయ్యను హ్యాండ్ బ్రేక్ మీది నుంచి చెయ్యి తీయమంది. ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏసీ బంజెయ్యి బిడ్డా. చిన్న ఇంజను. ఎక్కేటప్పుడు దానికి ఒక్కటే పని జెప్పాలె."

కారు ముక్కు లేచింది. సగంలో ఎప్పటిలాగే వణికింది, జానెడు వెనక్కి జారింది. నేను చెప్పులు గట్టిగా పట్టుకుని ఆమె మోకాళ్ళనే చూస్తున్నాను. అవి లేవలేదు. రెండూ కిందికే నొక్కాయి. కారు ర్యాంపు మధ్యలో ఆగి నిలబడింది. ఎడమ కాలు కొంచెం కొంచెంగా వదిలింది, ఇంజన్ మూలిగింది, కుడికాలు బ్రేకు మీది నుంచి పక్కనున్న యాక్సిలరేటర్ మీదికి జరిగింది. ముందు చక్రాలు రోడ్డెక్కాయి. టీచరమ్మ గేటు దాకా కుంటుతూ వచ్చి, కాగితాల కవరు కిటికీలోంచి ఇచ్చింది. కారు పైకప్పు మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది. మేము మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉంది.

చంపాపేట్ మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాటాక బక్కయ్య పక్కకు ఆపమన్నాడు. విజయశ్రీ అక్క ఇంటి దాకా రమ్మంది, చాయ్ తాగి పొమ్మంది.

"నేనుంటె నువ్వు నా చెయ్యి దిక్కే జూస్తవు. ఇగ నువ్వే పో. దిగినంక నేను మల్ల జూడ. నువ్వు ముందటికి జూడు."

ఆయన దిగి, తలుపు పడేలా బలంగా వేసి, బస్సు వైపు పోయాడు. ఆమె కాసేపు తన కాళ్ళను చూసుకుంది. మ్యాట్ మీద రెండు పాదాలూ ఆనించి ఉన్నాయి. అప్పుడు కళ్ళ నీళ్ళు వచ్చాయి. కొంగుతో తుడుచుకుంది.

ముత్తమ్మ అల్లుడు వెనక సీట్లో నన్ను చూడలేదు కానీ, చూసినవేవీ అబద్ధాలు కావు. మనిషి దిగాడు, తలుపు గట్టిగా వేశాడు, తిరిగి చూడలేదు, ఆమె ఏడ్చింది.

బక్కయ్య దిగింది ఎడమ తలుపు నుంచి. స్టీరింగ్ కుడి వైపు ఉంది.