రెండిళ్ల మీటరు

ఈరోజు మంగళవారం. ఎదురింటి వదిన పోయి పదకొండు రోజులైంది. కోటబొమ్మాళి సంతలో ఎండు చేపలు అమ్మే మనిషి, శుక్రవారం తెల్లవారి బుట్ట సర్దుకుంటూ కూలబడిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లు గుండెపోటు అనుకుని వెళ్లిపోతున్నారు. అది సగం మాటే. మిగతా సగం నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

వదినకు చదువు లేదు. కరెంటు బిల్లు రాగానే నా దగ్గరికి తెచ్చేది. వచ్చినప్పుడల్లా ఇసుక లేని నెత్తళ్ల చేపలు ఏరి నాకని పొట్లం కట్టేది. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. యూనిట్లు నోటుపుస్తకంలో ఎక్కించి, ఎక్కువైతే కోప్పడేదాన్ని.

"రెండిళ్ల కరెంటు నీ మీటరు మీద ఎందుకే?"

"పక్కింటి ముసిల్దానికి మీటరు పీకేసినారు కదేటి. గ్రైండరు తిరక్కపోతే ఆవిడేటి తింతాది? మీరేటి తింతారు టీచరమ్మా, రోజూ ఆ పిండి దోసెలే కదా!"

నిజమే. ఆ ముసలమ్మ పిండి రుబ్బి వీధంతటికీ అమ్ముతుంది. వారసుల తగువులో ఆమె ఇంటి మీటరు తీసేస్తే, వదిన తన ఇంటినుంచి తీగ లాగి ఇచ్చింది. గ్రైండరు, ఫ్రిజ్జు, ఫ్యాను అన్నీ ఆ తీగ మీదే. పైసా తీసుకునేది కాదు.

వేసవిలో వదినకు ఆయాసం వస్తే, వాళ్లాయన అన్నయ్యా నేనూ పట్నం తీసుకెళ్లాం. గుండె రక్తనాళంలో అడ్డు ఉంది, స్టెంటు వెయ్యాలన్నారు. కౌంటరులో బియ్యం కార్డు నంబరు కొట్టి చూసి, "ఇది ఆగిపోయిందమ్మా, డబ్బు కట్టాల్సిందే" అన్నారు. ఊరి సచివాలయంలో అడిగితే తెలిసింది. నెలవారీ కరెంటు వాడకం సగటు హద్దు దాటింది కాబట్టి అది బీద కుటుంబం కాదట. బియ్యం కార్డూ, దానితో ఉచిత వైద్యమూ పోయాయి. ఆ సగటు తగ్గాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోమని అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

హద్దు దాటిన ప్రతి నెలా నా పుస్తకంలో ఉంది, ఒక్క అంకె తప్పు లేకుండా. ఆ అంకెకూ ఆసుపత్రికీ సంబంధం ఉందని మాత్రం నాకు తెలియలేదు.

"ఆ తీగ తీసెయ్యి" అన్నాను ఆ సాయంత్రమే.

"తీసేత్తే ముసిల్ది సీకట్లో కూకోవాలేటి?"

"పోనీ, స్టెంటుకు నేనిస్తాను."

"మీ మోకాళ్ల ఆపరేషనుకి దాసుకున్నదా? ఊరుకోండి టీచరమ్మా. సగటు అదే దిగుతాది. నాకేటవుతాది, గుండ్రాయిలాగున్నాను."

నవ్వుతూనే గుమ్మం పట్టుకుంది. ఆ రోజునుంచి తన ఇంట్లో ఫ్యాను ఆపుకుని విసనకర్రతో విసురుకుంది. తీగ జోలికి మాత్రం పోలేదు.

ఎవరిమీద కోప్పడాలో ఆలోచించే ఓపిక కూడా లేదు నాకిప్పుడు. ఇక జరగవలసినవి ఇవి:

1. ముసలమ్మ పేరున మీటరు రావాలి. దరఖాస్తు నేనే రాశాను. గురువారం మళ్లీ కరెంటు ఆఫీసుకు వెళ్లాలి.

2. అది వచ్చాకే తీగ తియ్యాలి. ముందు కాదు.

3. తర్వాత అన్నయ్య కార్డు. వదిన లేదు, ఆయన బీపీ ఉంది.

4. ఈ వీధిలో ఎవరి బిల్లు వచ్చినా డబ్బు కాదు, ముందు యూనిట్లు చూసి చెప్పాలి.

5. ముసలమ్మతో మాట్లాడాలి. పదకొండు రోజులుగా గ్రైండరు చప్పుడు లేదు. ఈ ఉదయం వెళ్లి చూశాను. స్విచ్చులన్నీ ఆపేసి, చీకటి వంటింట్లో పాత రుబ్బురోలు ముందు కూర్చుని, రెండు చేతులతో పొత్రం తిప్పుతోంది.