కంచి బల్లిని ముట్టిన చెయ్యి

ఉప్పుగూడ రైల్వే గేటు దాటి ఆ సందులోకి తిరిగితే, ఇల్లెక్కడని ఎవరినీ అడగక్కర్లేదు, పేడ వాసనే దారి చూపిస్తుంది. బాలనర్సింహ, రవీందర్ అనే అన్నదమ్ములు అక్కడ ఒకే వాకిట్లో చెరో వాటాలో ఉంటారు. బర్రెలు ఉమ్మడి, పాల వ్యాపారం ఉమ్మడి. పెద్దవాడి భార్య పుష్పమ్మకూ చిన్నవాడి భార్య తనూజకూ మధ్య ఉన్న పడనితనం కూడా ఉమ్మడి ఆస్తే. దాన్ని మాత్రం ఇద్దరూ సమంగా అనుభవించేవారు.

పుష్పమ్మ నోరు మంచిది కాదని సందంతా అంటుంది. అబద్ధమేమీ కాదు. అయినా ఆ సందులో ఎవరి మీద బల్లి పడినా పరుగెత్తుకొచ్చేది ఆమె దగ్గరికే. కంచి గుళ్ళో బంగారు బల్లిని ముట్టుకొచ్చింది ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే మరి. అలా ముట్టినవాళ్ళని ముట్టుకున్నా బల్లిపాటు దోషం పోతుందని మనవాళ్ళ నమ్మకం. పాలు పితుకుతున్నా సరే, పుష్పమ్మ లేచి చెయ్యి కడుక్కుని చాపేది. ఫికరు పడొద్దని పంపేది. చదువు లేదు, మెడలో చెప్పుకోదగ్గ బంగారం లేదు. ఆ చెయ్యే ఆమె పెద్దరికం.

పాలగదిలో ఒక బల్లి ఉండేది. ఈగల్ని తింటుంది కదాని పుష్పమ్మ మొదట ఊరుకుంది. పోను పోను దానితో మాటలు మొదలుపెట్టింది. ఆమె క్యాన్లు తోముతూ అందరినీ తిట్టిపోస్తుంటే, అది ట్యూబులైటు పక్కనుంచి టిక్ టిక్‌మనేది. బల్లి పలికితే ఆ మాట సత్యమంటారు. ఆ ఇంట్లో ఆమె మాట నిజమని ఒప్పుకున్న ప్రాణి అదొక్కటే కాబట్టి, సత్తెమ్మ అని పేరు పెట్టుకుంది.

ఒకరోజు పొద్దున పాలకొచ్చిన తనూజ, పాలగిన్నెకు పైన గోడమీద సత్తెమ్మను చూసింది. చీపురు తీసి ఒక్కటి వేసింది. పుష్పమ్మ పరుగెత్తుకొచ్చేసరికి తోక ఒకచోట ఎగిరెగిరి పడుతోంది, బల్లి ఇంకోచోట వెనకకాలు ఈడుస్తూ మూలకి పాకుతోంది. పాలలో పడితే ఇంటిల్లిపాదీ చస్తామని తనూజ వాదన. గిన్నె మీద మూత ఉంది. ఆ మూత పుష్పమ్మ చూసింది, తనూజా చూసింది.

"నీకియ్యాల చీపురుకట్ట దొరికింది," అంది పుష్పమ్మ. "నాకూ ఒక దినమొస్తది."

బర్రెలను చూడటానికొచ్చిన పశువుల డాక్టరుకు బల్లిని చూపిస్తే నవ్వాడు. కానీ పుష్పమ్మ నవ్వలేదు కాబట్టి ఆయనా మానేసి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఎముక విరగలేదు, తోలే లేచింది. పసుపు గిసుపు పూయొద్దు, ఈ మందు నీళ్ళలో బాగా పలచన చేసి దూదితో అద్దమన్నాడు. తోక దానంతటదే వస్తుందట. చీమలు పట్టకుండా చూసుకుంటే చాలన్నాడు.

పుష్పమ్మ మిఠాయి డబ్బా మూతకు కాల్చిన దబ్బనంతో బొక్కలు పొడిచింది. అడుగున తెల్లకాగితం పరిచింది. పళ్ళెంలో నీళ్ళు పోసి గిన్నె బోర్లించి, దానిమీద డబ్బా పెట్టింది, ఇక ఏ చీమ వస్తుందో చూద్దామని. మందు అద్దేది, డబ్బా గోడకు నీటిచుక్కలు చిలకరించేది, పట్టుకొచ్చిన దీపం పురుగుల్ని లోపల వదిలేది. బల్లి నాలుక చాపి నీటిచుక్క నాకితే ఆమె ప్రాణం కుదుటపడేది. ఆ వెంటనే తనూజ గుర్తొచ్చేది. చేతులు మందు రాస్తూనే ఉండేవి, మనసు పగను మేపుతూనే ఉండేది.

ఆ దినం రానే వచ్చింది. తనూజ తల దువ్వుకుంటుంటే దూలం మీంచి ఇంకో బల్లి తిన్నగా పాపిట్లో పడింది. తనూజ కేకకు బర్రెలు కూడా బెదిరాయి. తలమీద పడితే మరణ భయమని పంచాంగంలో ఉంది. తలస్నానం చేసింది, దీపం పెట్టింది, ఆ తడి జుట్టుతోనే వాకిలి దాటి పుష్పమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"అక్కా, జర నీ చెయ్యియ్యి."

"ఏ చెయ్యి? సత్తెమ్మ కాలు ఇరగ్గొట్ట చూసినవు. నీకు నా చెయ్యెట్లొస్తది?"

అంతటితో ఆగలేదు. తాను కాదన్నాక బలవంతంగా ముట్టుకుంటే దోషం రెండింతలవుతుందని కూడా చెప్పింది. ఆ శాస్త్రం అప్పటికప్పుడు ఆమె నోట్లోనే పుట్టింది. తనూజ నమ్మింది. కాళ్ళ మీద పడబోతే పుష్పమ్మ కాళ్ళు మంచం మీదికి లాక్కుంది.

తనూజకు తిండి సయించలేదు. రైలుపట్టాలు దాటాలంటే వణుకు, పొయ్యి వెలిగించాలంటే వణుకు. రవీందర్ వచ్చి వదినా వదినా అని బతిమాలాడు. బాలనర్సింహ కసిరాడు. పుష్పమ్మ వినలేదు. పైగా సందులో ఎవరొచ్చినా తనూజ కళ్ళెదుటే పిలిచి మరీ చెయ్యి ఇచ్చింది. ఇంత హాయి ఆమె జన్మలో ఎరగదు. సత్తెమ్మ కాలు మానింది, తోక మొదట్లో చిన్న మొలక కూడా వేసింది. దాన్ని మళ్ళీ గోడమీద వదిలిననాడు, పుష్పమ్మ పాయసం చేసి తనూజ వాటాకు తప్ప అందరికీ పంచింది.

ఆ వారమే రవీందర్ భార్యను తీసుకుని కాచిగూడలో రైలెక్కాడు.

తనూజ కంచి నుంచి నిండుగా పూలు పెట్టుకుని తిరిగొచ్చింది. ఇంటింటికీ ప్రసాదం పంచి, చివరికి పుష్పమ్మ దగ్గరికి వచ్చింది. ప్రసాదం అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఆ చేతిని కాసేపు అలాగే పట్టుకుంది.

"అక్కా, నీ మీద బల్లి పడ్డా ఫికరొద్దు. నా దగ్గర్కి రా. నేనెవ్వర్నీ కాదనను."

మర్నాడు ఆ సందులోనే ఉండే నాగమణమ్మ భుజం మీద బల్లి పడింది. ఎప్పుడూ పుష్పమ్మ దగ్గరికే వచ్చే మనిషి. వాకిట్లోకి వచ్చింది, పుష్పమ్మను చూసి బాగున్నావా అని పలకరించింది, చాపబోయిన చెయ్యిని దాటుకుని తనూజ గడప ఎక్కింది.

బర్రెకు మేత వేస్తున్న బాలనర్సింహ అంతా చూశాడు.

"కథలు కంచికి పోతయంటరు," అన్నాడు. "నువ్వు నీ తోడికోడల్నే పంపితివి."

పుష్పమ్మ ఆ చెయ్యిని కొంగుకు తుడుచుకుంది. ఆ రోజు చెయ్యి ఇచ్చి ఉంటే, తనూజ బతికినన్నాళ్ళూ తన ముందు తల వంచుకునే ఉండేది. అంతకు మించిన పగ ఏముంటుంది? ఆ సంగతి ఆమెకు ఇప్పుడు తట్టింది. ఒళ్ళంతా మండిపోయింది. జీవితంలో మొదటిసారి, ఎవరిని తిట్టాలో ఆమెకు తెలియలేదు.