మా జట్టు వదులుకున్న కూతగాడు

డెబ్బైల చివర్లో నేను కువైట్ వెళ్ళినప్పుడు మా కంపెనీ క్యాంపు మంగఫ్‌లో ఉండేది. బారులు తీరిన రేకుల గదులు, గోడల వెంట మంచాలు, మధ్యలో అందరి చెప్పులు. తెల్లారకముందే కంపెనీ బస్సు వచ్చి మమ్మల్ని ఆయిల్ సైట్లకు తీసుకెళ్ళేది. సాయంత్రం, ఒళ్ళంతా ఉప్పు పేరుకున్నాక, తెచ్చి దింపేది. నేను ఏసీ మెకానిక్‌ని. అమలాపురంలో ఉన్నన్నాళ్ళూ ఏసీ అంటే సినిమా హాలు గోడమీద రాసిన రెండక్షరాలే నాకు. అక్కడికెళ్ళాక మాత్రం అందరినీ చల్లగా ఉంచుతూ నేను మిద్దెల మీద ఎండలో ఉండేవాణ్ణి.

సెలవు శుక్రవారమే. పొద్దున్నే బట్టలుతుక్కుని, వండుకుని తిని పడుకుంటే మధ్యాహ్నం లేచేసరికి గుండెల్లో ఏదో దిగులు. ఆ దిగులు పోగొట్టడానికే మేస్త్రీ గారు చెడుగుడు జట్టు పెట్టారు. ఆయనది రాజోలు వైపు. సైట్లో ఎత్తైన పైపుల పరంజీలు కట్టే మనుషులకు ఫోర్‌మాన్. నలభై దాటిన మనిషి, కాస్త బొజ్జ, అయినా పట్టు పట్టాడంటే విడిపించుకోవడం కష్టం. జట్టులో దాదాపు అందరం గోదావరి జిల్లాల వాళ్ళమే. మెస్సు వెనక ఖాళీ స్థలంలో రాళ్ళేరి, పాత తాళ్ళు పరిచి గీతలు పెట్టుకున్నాం. కానీ ఇసుక మరీ వదులు. అడుగేస్తే మడమ దిగబడేది. మేస్త్రీ గారు క్యాంపుకి నీళ్ళు తెచ్చే ట్యాంకర్ డ్రైవర్ని బతిమాలి శుక్రవారం కాస్త నీళ్ళు చల్లించుకునేవారు.

ఆ డ్రైవరే మా కూతగాడయ్యాడు.

అతనిది రాయచోటి. సన్నగా, పొడుగ్గా, గాలొస్తే వంగేలా ఉండేవాడు. మొదటి వారాల్లో నీళ్ళు చల్లి, గొట్టం చుట్టి, ట్యాంకర్ నీడలో నిలబడి మా ఆట చూసేవాడు. ఒకరోజు చెప్పులు విడిచి గీత దగ్గరికొచ్చి, "నేనొక కూత పోతానన్నా" అన్నాడు. సరదాకి ఒప్పుకున్నాం. పోయి ముగ్గుర్ని అంటుకుని వచ్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ చెప్పులేసుకున్నాడు. అంటుకున్న ముగ్గురిలో నేనొకణ్ణి. అతని చెయ్యి నా భుజానికి తగిలిందని అవతలివాళ్ళు చెబితే తప్ప నాకు తెలియలేదు.

అందరూ కూత గట్టిగా అరుస్తారు. అతను అరవడు. తనలో తను పాడుకుంటున్నట్టు మెల్లగా కూత పెడతాడు. అసలు కూత ఆగిందా ఉందా అని మనం చెవులు రిక్కిస్తాం. ఆ వినడంలో కాళ్ళ సంగతి మర్చిపోతాం. అతనికి కావలసింది అదే. ఊపిరి మాత్రం ఎంతకీ తరిగేది కాదు.

ఆ నెలలోనే మా గదిలో ఒక మంచం ఖాళీ అయితే మేస్త్రీ గారు అతన్ని అందులోకి మార్పించారు. ఆ చలికాలమంతా మాకు ఎదురులేదు. అర్దియాలో ఒక జట్టుండేది, గ్యారేజీ మెకానిక్కులు, టైలర్లు. హైదరాబాదు వాళ్ళు, కడప వాళ్ళు కలిసి ఆడేవారు. అల్ రాయ్‌లో గోడౌన్లలో పనిచేసే కుర్రాళ్ళది ఇంకో జట్టు. ఇద్దర్నీ ఓడించాం. ఓడించాం అని మేము చెప్పుకునేవాళ్ళం గానీ ఓడించింది అతనొక్కడే. వాళ్ళ వైపు మనుషులు ఒక్కొక్కరే గీత బయట కూచుంటుంటే మేము నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాళ్ళం. ఆట మొదలైన కాసేపటికే అయిపోయేది. అయినా గెలుపు గెలుపే కదా. క్యాంపుకి తిరిగొచ్చి మెస్సులో పళ్ళాలు వాయించేవాళ్ళం.

ఎండలు ముదిరే ముందు ఒక శుక్రవారం అల్ రాయ్ వాళ్ళు రాలేదు. ఓవర్‌టైమ్ అన్నారు. తర్వాతి వారం బండి దొరకలేదన్నారు. మాకేమీ అనిపించలేదు. మాలో మేమే రెండు జట్లుగా ఆడుకుని, చివర్లో టీ తాగుతూ ఇసుకలో కూచున్నాం. అప్పుడన్నారు మేస్త్రీ గారు, గ్లాసు కింద పెట్టి, అతని వైపు చూసి.

"వచ్చే వారం నుంచి నువ్వు మన జట్టులో వద్దురా."

హాస్యమాడుతున్నారేమో అని నేను ఆయన ముఖం చూశాను. కాదు. రాయచోటి అబ్బాయి టీ చివరిదాకా తాగాడు. నిదానంగా లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"తీసేయాలనుకుంటే తీసేయన్నా. ముందే నాకొక్కడికి చెప్పింటే బాగుండు" అని గదిలోకి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక మేమంతా ఒక్కసారిగా మేస్త్రీ గారి మీద పడ్డాం. ఆయన తర్వాత చెబుతానని లేచిపోయారు. అదే పొరపాటైంది. చెప్పని కారణాన్ని క్యాంపు తనే కల్పించుకుంది. కొత్తగా వచ్చిన ఆయన మేనల్లుణ్ణి జట్టులోకి తెద్దామనుకుంటున్నారని ఒకరన్నారు. రెండు రోజుల్లో ఇంకో మాట బయల్దేరింది, రాయచోటి అబ్బాయి సాయిబు కాబట్టి కోనసీమ వాళ్ళు బయటికి నెట్టారని. మా క్యాంపులో ఉండే కడప వాళ్ళు మెస్సులో మా బల్ల దగ్గర కూచోవడం మానేశారు. అంతవరకు మా మధ్య ఆ తేడా ఎవరూ ఎత్తలేదు. మా చేపల పులుసు వాళ్ళు, పండగనాడు వాళ్ళ బిర్యానీ మేము తింటూనే ఉన్నాం. నాకు భయమేసింది. నిజంగానే అదే కారణమైతే ఆ మైదానంలో మళ్ళీ అడుగు పెట్టకూడదనుకున్నాను.

ఆ మాట మేస్త్రీ గారి చెవిన పడ్డ సాయంత్రం ఆయన డ్యూటీ బట్టలతోనే మా గదికొచ్చారు. తలుపు దగ్గరే ఆగి, లోపలికి రావచ్చా అని అడిగారు. అలా అడగడం అదే మొదటిసారి. వచ్చి రాయచోటి అబ్బాయి మంచం అంచున కూచున్నారు.

"నేను చెప్పిన తీరు తప్పురా. నలుగురిలో అనకూడదు, నీతో ఒక్కడితోనే మాట్లాడాల్సింది. నన్ను క్షమించు. కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోను" అన్నారు.

అప్పుడు కారణం చెప్పారు. అల్ రాయ్ వాళ్ళకి ఓవర్‌టైమూ లేదు, బండికి కరువూ లేదు. ఓడిపోవడానికి ఇంతదూరం రావడం విసుగొచ్చి మానేశారు. అర్దియా వాళ్ళు కూడా అదే ఆలోచనలో ఉన్నారని ఆయన వెళ్ళి కనుక్కుని వచ్చారు. ఇంకో నెలయితే మాతో ఆడేవాడే ఉండడు.

"నువ్వు కూతకెళ్తావు, ఆట ఖలాస్. వీళ్ళు చూడు, పట్టు పట్టడం కూడా మర్చిపోయారు. నేనీ జట్టు పెట్టింది గెలవడానికి కాదురా, శుక్రవారం సాయంత్రం గడవడానికి. నువ్వు అవతలి జట్టు వైపు ఆడితే రెండు వైపులా ఆటుంటుంది. నీకూ ఉంటుంది. నిన్ను పట్టుకునేవాడు లేకపోతే నీకు మాత్రం ఏం సరదా?"

రాయచోటి అబ్బాయి మాత్రం, "నాకు గెలవడమే సరదాగా ఉండెనన్నా" అన్నాడు. మేస్త్రీ గారికి నవ్వొచ్చింది. అతనికి రాలేదు. అయితే మర్నాడు పొద్దున మెస్సులో పళ్ళెం తీసుకుని తనే వచ్చి మేస్త్రీ గారి పక్కన కూచున్నాడు. అది చూసి కడప వాళ్ళు కూడా మా బల్లకి తిరిగొచ్చారు.

రెండు శుక్రవారాలు అతను ఏ జట్టులోనూ ఆడలేదు. నీళ్ళు మాత్రం చల్లి వెళ్ళేవాడు, మేము అడక్కుండానే. మూడో వారం అర్దియా జట్టు కెప్టెన్ మా క్యాంపుకొచ్చాడు. అతను హైదరాబాదు టైలరు, మెడలో ఎప్పుడూ టేపు ఉండేది. ఎవరి దగ్గరో చిన్న ట్రక్కు అడిగి తీసుకుని, మిగతా ఆటగాళ్ళని వెనక ఎక్కించుకుని వచ్చాడు.

"మీరు ఒద్దన్నరంట గదా భాయ్, మాకు కావాలె" అన్నాడు మేస్త్రీ గారితో, పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నంత మర్యాదగా.

"అబ్బాయి ఇష్టమండి" అన్నారు ఈయన.

అబ్బాయి నా వైపు తిరిగి, ఏం చేయమంటావన్నా అని అడిగాడు. వెళ్ళమన్నాను. ఆడకుండా ఉండి అతను చిక్కిపోతున్నాడని నాకు తెలుసు. టైలరు అక్కడికక్కడే టేపు తీసి అతని నడుం కొలిచాడు, జట్టు నిక్కరు కుట్టడానికి. ఆ సన్నటి నడుం కొలత గట్టిగా చదివి తన వాళ్ళకు వినిపిస్తే వాళ్ళంతా నవ్వారు. అతనికీ నవ్వొచ్చింది. అన్నాళ్ళ తర్వాత నవ్వడం అదే.

అక్కణ్ణుంచి మా గదిలో బతుకు విచిత్రమైపోయింది. వారమంతా ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళం. గురువారం రాత్రి అన్నాల దగ్గర మాత్రం ఆట మాట వస్తే ఇద్దరం నోళ్ళు మూసుకునేవాళ్ళం.

"రేపు మూలన నువ్వేనా నిలబడేది?" అని అడిగాడొకసారి.

"చెప్పను" అన్నాను.

"చెప్పకుంటే ఏం లే. మోకాలికి నూనె రాసుకుంటాండావు గదా, నువ్వే."

అతను అటు వైపు ఆడిన మొదటి ఆటలో మమ్మల్ని చితక్కొట్టాడు. మొదటి కూతకే వచ్చి నేరుగా మేస్త్రీ గారి బొజ్జ మీద మెత్తగా తట్టి వెళ్ళిపోయాడు. ఆయన బయట కూచుని మమ్మల్ని తిడుతూ కూడా ముసిముసిగా నవ్వుతూనే ఉన్నారు. అర్దియా వాళ్ళు ట్రక్కులో హారన్ మోగించుకుంటూ వెళ్ళారు. ఆ మోత విని మిగతా క్యాంపుల నుంచి జనం వాకబు చేశారు. తర్వాతి వారం ఈజిప్టు వాళ్ళు, మలయాళీలు తాళ్ళ చుట్టూ చేరారు. ఆట నియమాలు తెలియకపోయినా ఎవరు ఎవర్ని పట్టుకుంటున్నారో అందరికీ అర్థమయ్యేది. అల్ రాయ్ వాళ్ళకి కూడా కబురు చేరింది. బండి దొరికిందట.

మేము మాత్రం ఓడిపోతూనే ఉన్నాం. కాకపోతే పట్టు నేర్చుకోవడం మొదలుపెట్టాం. పని నుంచి వచ్చాక, చీకటి పడేలోపు, మేస్త్రీ గారు తనే కూతగాడిగా మా మీదికి వచ్చేవారు. అతనిలాగా మెల్లగా కూత పెట్టబోయి దగ్గొచ్చి ఆగిపోయేవారు. మేము నవ్వి కూలబడేవాళ్ళం. కానీ ఆయన చెప్పింది ఒకటి పనికొచ్చింది, కూత వినొద్దన్నారు. చెవులు మూసుకున్నట్టే ఉండి అతని వెనక మడమ చూడమన్నారు. మడమ నేలకి ఆనితే వెనక్కి తిరుగుతాడు, అదే అదును.

మళ్ళీ చలికాలం వచ్చాక ఒక శుక్రవారం అతను ఎప్పట్లాగే గొణుగుతూ మా మూలకి వచ్చాడు. నేను మడమ తప్ప ఇంకేం చూడలేదు. అది తడి ఇసుకలో ఆనింది. పడ్డాను దాని మీద. చీలమండ నా రెండు చేతుల్లో ఉంది. అతను నన్ను ఈడ్చుకుంటూ గీత వైపు పాకాడు. నా నోట్లోకి ఇసుక పోయింది. చేతులు జారుతున్నాయి. అప్పుడు మీద కొండ పడ్డట్టయింది. మేస్త్రీ గారు. ఆ వెనకే తక్కినవాళ్ళు. గీతకి జానెడు ఇవతల అతని వేళ్ళు ఇసుకని గీరుతుండగా కూత ఆగింది.

చుట్టూ ఉన్న వాళ్ళు ఏ భాషలో అరిచారో తెలియదు. మేము ఆ కుప్పలోంచి లేవలేదు, లేస్తే అది నిజం కాదేమో అన్నట్టు. కిందనుంచి అతని గొంతు వినిపించింది, ఊపిరాడక, నవ్వుతూ.

"ఈ పట్టేదో ముందే నేర్చుకునింటే నన్ను తీసేసే పనే లేకుండె గదన్నా."

ఆ రోజు కూడా చివరికి అర్దియానే గెలిచింది, అది వేరే సంగతి. కానీ మెస్సులో పళ్ళాలు వాయించింది మేమే. అతను కూడా మా బల్ల దగ్గరే కూచుని, మాతో పాటే వాయించాడు, ఎవరి గెలుపుకో అడక్కుండా.

ఎనభైలు సగం గడిచేదాకా ఆ ఆట సాగింది. ఒక ఏడు మా జట్టులో ఇద్దరు ఊరెళ్ళిపోతే మనుషులు చాలలేదు. మేస్త్రీ గారు వెళ్ళి, తిరిగి వచ్చేయమని అతన్ని అడిగారు. నేను పక్కనే ఉన్నాను. అతను ట్యాంకర్ బానెట్ తుడవడం ఆపలేదు.

"వద్దన్నా. మీతో ఉన్నెప్పుడు మీ వీపులే చూస్తాంటి. ఆ పక్క నుంచి వస్తే మీ మొగాలు కనపడతాయి" అన్నాడు.

మేస్త్రీ గారు అతని చేతిలోంచి గుడ్డ తీసుకుని రెండో వైపు బానెట్ తుడవడం మొదలుపెట్టారు.