పాలమ్మ కోసం పట్టిన గొడుగు

నా పేరు కోరాడ జగ్గారావు. ఎలమంచిలి పక్క పల్లెలో ఏడో తరగతి వరకు చదివాను. ఆ చదువుతోనే ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు క్రేన్ నడిపాను. ఒక్క బరువు జారనివ్వలేదు! ఉత్తమ కార్మికుడి షీల్డు రెండుసార్లు అందుకున్నాను. రెండూ మా ఇంట్లో టీవీ పక్కనే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. అవన్నీ ఒక ఎత్తు, రిటైరయ్యాక పెంచిన నూట పన్నెండు పిల్లులు ఒక ఎత్తు.

నా క్రేన్ కింద నిలబడి చేతి సైగలిచ్చిన సిగ్నల్‌మేన్ నజీర్ అహ్మద్. పై కేబిన్లో నాకు మాట వినబడదు కదా, ఆయన చెయ్యి ఎటు చెబితే బరువు అటు దిగేది. నన్ను బావా అంటాడు. ఆయన భార్య రజియాకి పిల్లులంటే ప్రాణం. మధురవాడ అవతల వాళ్ళ స్థలంలో ముగ్గురం కలిసి రేకుల షెడ్డు వేశాం. బళ్ళ కింద పడి దెబ్బ తిన్నవి, ఇల్లు మారుతూ జనం వదిలేసినవి, అన్నిటినీ తెచ్చుకున్నాం.

మా దగ్గర ఒక పద్ధతుంది. పెట్టింది నేనే. ఏ పిల్లి వచ్చినా దానికో స్టీలు పళ్ళెం కొని, గిన్నెల కొట్లో పేరు కొట్టిస్తాను, పెళ్ళి సామానుకి కొట్టించినట్టే. అది పోయిన రోజున ఆ పళ్ళెం తోమి గోడకి తగిలిస్తాం. ఏడాదికోసారి అన్నీ దించి, ఒక్కో పేరూ చదివి, వాటిలో కవళ్ళ చేపలు పెట్టి, బతికున్న పిల్లులకి వడ్డిస్తాం. దొరబాబుకి మూడే కాళ్ళు, అయినా ముందు గోడెక్కేది వాడే! మిరపకాయ్ ముట్టుకుంటే గీరేది, జ్వరమొస్తే మాత్రం నా ఒళ్ళోకే వచ్చేది. ఈ ఏడు కొత్తగా గోడెక్కిన పళ్ళెం, ముప్పై ఎనిమిదోది, పాలమ్మది.

పాల తెలుపు, నీలి కళ్ళు. ఎంత పిలిచినా పలికేది కాదు. పొగరనుకున్నాను. పుట్టు చెవుడని కనిపెట్టింది రజియా. దానికి సైగలు నేర్పింది మాత్రం నేనే! అరచెయ్యి చూపిస్తే కదలకుండా కూర్చునేది. చెయ్యి కిందికి ఊపితే తిండికి పరిగెత్తుకొచ్చేది.

ఆరేళ్ళ కిందటి మాట. మా పక్కన అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఒక పొద్దున అక్కడి కూలీ పోతమ్మ గోడ మీంచి కేకేసింది.

"తాతా! మీ తెల్లపిల్లి క్రేనెక్కీసింది!"

పరిగెత్తాం. నాలుగో అంతస్తు ఎత్తున ఇటుకల తొట్టి వేలాడుతోంది. అందులో పడుకున్న పాలమ్మ గాలికి లేచి అంచు మీదికొచ్చింది. కింద అందరూ "పాలమ్మా! పాలమ్మా!" అని ఒకటే అరుపులు. చెవిటి పిల్లికి అరుపులు! అది నన్ను చూసింది. నా వైపు దూకడానికి ఒళ్ళు కూడదీసుకుంది. అరచెయ్యి ఎత్తాను. కూర్చుంది!

నజీర్ అక్కడి సిగ్నల్‌మేన్ కోటు తొడుక్కుని, దించమని పైకి సైగ చేశాడు. తొట్టి జానెడు దిగి, ఠక్కున ఆగి, ఊగింది. పాలమ్మ వెనక కాలు జారి బయటికి వేలాడింది. గోళ్ళతో పాకి మళ్ళీ అంచెక్కింది.

ఎందుకాగింది? నా వల్ల! సిగ్నల్ ఒక్కడే ఇవ్వాలి, రెండో చెయ్యి లేచిందంటే క్రేన్ ఆపేయాలి. ఈ రూలు ఇరవై మంది కుర్ర ఆపరేటర్లకి నేర్పినవాణ్ణి నేనే.

"బావా, సెయ్యి దించు! పైనోడికి ఇద్దరం కనిపిస్తన్నాం!" అన్నాడు నజీర్.

"దించితే ఇది దూకేత్తాది!"

"దించకపోతే తొట్టి దిగదు!"

"ఇన్నేళ్ళూ నీ సెయ్యి మాటే విన్నాను, ఈ ఒక్కసారి నా మాట ఇను!"

"నేను వింటాను, క్రేన్ వింటాదేటి?"

ఈలోగా రజియా షెడ్డులోంచి నల్ల గొడుగు పట్టుకొచ్చింది. "మీ బావల పంచాయితీ తర్వాత పెట్టుకోండి!" అని, నా వెనక నిలబడి, క్రేన్ కేబిన్ వైపు అడ్డంగా గొడుగు విప్పింది. "ఇప్పుడు పైవాడికి నువ్వు కనబడవు, పిల్లికి కనబడతావు. చెయ్యి అలాగే ఉంచు జగ్గన్నా."

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నాకు తట్టని ఉపాయం!

నజీర్ పాలమ్మ వీపు వైపుకి, ఇటుకల గుట్ట దగ్గరికి వెళ్ళి సైగ చేశాడు. తొట్టి కదిలింది. మూడో అంతస్తు. రెండు. ఎత్తిన చెయ్యి దిగిపోకుండా ఎడం చేత్తో మోచెయ్యి పట్టుకున్నాను. పాలమ్మ రెప్ప వెయ్యకుండా నా అరచెయ్యినే చూస్తోంది. తొట్టి నేల తాకగానే చెయ్యి కిందికి ఊపాను. ఒక్క గెంతు! చొక్కా చించుకుంటూ నా భుజమెక్కేసింది. కూలీలంతా ఈలలు!

ఆపరేటర్ ఉదయ్‌కుమార్ దిగొచ్చి అన్నాడు. "గొడుగు సూసి స్వామి ఊరేగింపేటో అనుకున్నాను తాతా!"

ఆ తర్వాత పాలమ్మ ఆరేళ్ళు దర్జాగా బతికింది. మొన్న వానల్లో, నిద్రలోనే పోయింది.

పోయిన ఆదివారం పళ్ళేలు దించాం. ఉదయ్‌కుమార్ ఏటా తెచ్చినట్టే బుట్టెడు కవళ్ళు తెచ్చాడు. రజియా ముప్పై ఏడు పేర్లు చదివి, ముప్పై ఎనిమిదో పళ్ళెం దగ్గర ఆగిపోయింది. "దీన్ని పేరు పెట్టి పిలిచి ఏం లాభం?" అంది.

నా చెయ్యి లేచింది. నజీర్ చెయ్యీ లేచింది.

"ఇద్దరు ఊపితే ఆపెయ్యాల్సిందే తాతా!" అన్నాడు ఉదయ్‌కుమార్.

నజీర్ నవ్వి చెయ్యి దించాడు. మూలనున్న నల్ల గొడుగు తెచ్చి విప్పి, తన మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ సిగ్నల్ నీదే బావా."

పాలమ్మ పళ్ళెంలో కవళ్ళు పెట్టి, తిండికి పిలిచినట్టే చెయ్యి కిందికి ఊపాను.