పుస్తకం కంటే ఎత్తున

శ్రావణమాసం సాయంత్రాల్లో వరస గదుల మా పాత చాల్‌లో, మూడో అంతస్తు గదిలో రామాయణం చదివి అర్థం చెప్పేవాణ్ణి. తాత నాటి నుంచీ అక్కడొక కట్టుబాటు ఉంది. పుస్తకం పెట్టిన పీట కంటే ఎత్తున ఎవరూ కూర్చోరాదు. పీట జానెడు ఎత్తు. అందుకని అందరూ నేలమీదే.

మా అమ్మ నేలమీద కూర్చోలేకపోయేది. పాలమూరు నుంచి ఈ మహానగరానికి కోడలిగా వచ్చిన ఏడాదే తట్ట నెత్తికెత్తుకుంది. నాగ్‌పాడాలో పాత ఇళ్ళు కూలగొట్టినచోటల్లా రాళ్ళూ మట్టీ మెట్ల మీదుగా కిందికి మోసింది. మెట్టు మెట్టుకూ ఆ బరువంతా ఒక్క మోకాలి మీద పడేది. చివరికి ఆమె లేస్తుంటే కీళ్ళలో ఇసుక నలిగిన చప్పుడు మాకు వినిపించేది.

ఆమె బయట వరండాలో కటకటాలు పట్టుకుని, నిలబడే కథ వినేది. ఒకనాడు గడప దగ్గరికి వచ్చి అడిగింది.

"బిడ్డా, మూలకు ఒక స్టూల్ ఏస్కుంట. ఎవరికీ అడ్డం రాను."

"రాముని కంటే ఎత్తున కూసుంటవా అమ్మా?" అన్నాను అందరి ముందూ.

ఆడవాళ్ళు నవ్వారు. "తట్టకు వంగిన మోకాలు దేవునికి వంగదా అత్తా?" అంది పక్కగది కోడలు. నేను ఆమెను వారించలేదు. పైగా, దేహం మీద మమకారం చావనివారికి రామకథ ఒంటబట్టదని ఆ పూట వ్యాఖ్యానం చెప్పాను.

అమ్మకు పట్టాభిషేకం నాడు లోపల కూర్చుని అక్షతలు వేయాలని ఉండేది. ఆ రోజు తలస్నానం చేసి వచ్చింది. గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. కుడి మోకాలు పటుక్కుమంది. విన్నాను, చదువుతూనే ఉన్నాను.

హారతికి అందరూ లేచారు. ఆమె లేవలేదు. ముందుకు వంగి నుదురు నేలకు ఆనించి అలాగే ఉండిపోయింది.

"సూడుండ్రి, ముసలామె రాముణ్ణి ఇడిశిపెడ్తలేదు," అన్నాడొక పెద్దాయన.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె పాదాలకు మొక్కారు. పక్కగది కోడలు కూడా మొక్కింది. నా తల్లి భక్తికి నా ఛాతీ ఉప్పొంగింది.

కర్పూరం ఆరిపోయాక వంగి చూశాను. కింది పెదవి కొరుక్కుంది, నెత్తురు కారుతోంది.

"కాలు పట్టేసిందిరా. అందరు మొక్కుతుంటే ఎట్ల జెప్పాలె? నీ పరువు పోదా?"

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకుంటూ మూడంతస్తులు దించారు. కీలు మధ్య మెత్తటి పొర ఏళ్ళుగా అరిగిపోయిందనీ, మిగిలిన కాస్తా ఆ కూర్చోవడంతో పోయిందనీ గ్రాంట్ రోడ్ దగ్గరి డాక్టరు చెప్పాడు. తిరిగి పైకి మోస్తుండగా కుర్చీలోంచి అమ్మ నన్ను చూసి, "గిప్పుడు నీ పుస్తకం కంటే ఎత్తునున్న గదరా," అంది. మోసేవాళ్ళు నవ్వారు.

ఆ తర్వాత ఆమె మంచం దిగలేదు.

ఈ శ్రావణంలో పీట కింద నాలుగు వరసల ఇటుకలు పేర్చాను. మూలన అంతకంటే పొట్టి స్టూలు వేశాను. అమ్మ మంచాన్ని వరండా మీదుగా ఆ గది గడప దాకా జరిపి చూపించాను. ఇటుకల వరసలు వేలితో లెక్కపెట్టింది.

"గీ ఇటుకలు లేకనేనారా? అప్పుడే చెప్తే నేనే మోస్కొస్తుంటి గద," అని గోడవైపు తిరిగి పడుకుంది.

స్టూలు మీద పక్కగది కోడలు కూర్చుంది. ఈ ఏడు ఆమెకూ మోకాళ్ళు నొస్తున్నాయట.