ప్రమోద మార్చిన నీళ్ళు

ప్రమోదకి నిలవ నీళ్ళంటే గిట్టదు. రాత్రి బిందెలో మిగిలిన నీళ్ళు పొద్దున పారబోసి, కొత్తవి పడితే గాని పొయ్యి వెలిగించని ఇంట్లో పుట్టింది. న్యూజెర్సీ వచ్చి ఐసెలిన్‌లో కాపురం పెట్టి ఏళ్ళు గడిచినా ఆ పట్టింపు ఇసుమంతైనా సడలలేదు. ఆ ఇంట్లో ఆవిడ తోమి కడగనిది ఏదైనా ఉందంటే మొగుడు దామోదర్ ఒక్కడే. తెల్లారేసరికి ఫ్యాక్టరీకి పారిపోయేవాడు కాబట్టి బతికిపోయాడు.

వాళ్ళకి పిల్లలు లేరు. ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనేది కాదు, ఎవరైనా అంటే వినేదీ కాదు. ఆ చుట్టుపక్కల మన కొట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులవి. ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళు పసిపిల్లల్ని ఎక్కడ వదలాలో తెలియక తల పట్టుకునేవారు. ఒకావిడ ‘ఒక్క వారం చూడండి’ అని వదిలి వెళ్ళిన పిల్లాడితో మొదలై, ప్రమోద ఇల్లు పిల్లల ఇల్లయి కూర్చుంది. వచ్చినవాళ్ళు వచ్చారు, పెరిగినవాళ్ళు వెళ్ళారు.

మీనా మాత్రం వేరు. వాళ్ళమ్మ విద్య ఆసుపత్రిలో రెసిడెన్సీ చేస్తున్న డాక్టరు. తండ్రి ఉదయ్ రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాడు. ఒంటిగది క్వార్టర్స్‌లో పగలు పిల్లని ఉంచే వీల్లేక, మూడో నెలలోనే తెచ్చి ప్రమోద చేతుల్లో పెట్టారు. ఆ పిల్ల మొదటి అడుగు చూసింది ప్రమోదే. చూసిన సంగతి విద్యకి చెప్పలేదు. మంగళవారం నడిచిన పిల్ల శనివారం వాళ్ళింట్లో నడిచి తల్లిని మురిపించేదాకా నోరు కుట్టేసుకుంది. అంత నిగ్రహం నాకైతే ఉండదు.

ఆ ఇల్లు పాతది. కింద బేస్‌మెంట్‌లో బాయిలర్ నీళ్ళు కాస్తుంటే, ఆ వేడినీళ్ళు గదిగదికీ కిటికీల కింద ఉన్న ఇనప రేడియేటర్లలోకి వెళ్ళి, మళ్ళీ కిందికి వస్తూ ఇల్లంతా వెచ్చగా ఉంచేవి. డెబ్భై ఎనిమిది చలికాలంలో ఒకరోజు దామోదర్ బాయిలర్ కింది కుళాయి తిప్పి చూపించాడు. సిరాలా నల్లటి నీళ్ళు వచ్చాయి.

“ఈ మురుగా ఇల్లంతా తిరుగుతున్నది? పిల్లలు పాకే ఇంట్లోనా?”

“పైపుల్లోదే కదే, బయటికి రాదు. తాగుతామా ఏమన్నానా?”

“తాగకపోతే మాత్రం?”

ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం, పిల్లలు రాకముందే ప్రమోద బేస్‌మెంట్‌లోకి దిగేది. బకెట్ల కొద్దీ పాత నీళ్ళు వదిలేసి, కొత్త నీళ్ళ వాల్వు తిప్పి, చిన్న తాళంచెవితో గదిగదీ తిరిగి రేడియేటర్లలో గాలి తీసేది. కొన్నాళ్ళకి నలుపు పోయి ఎరుపు మొదలైంది. మురికి ఇంకా వదల్లేదనుకుని ఆవిడ మరో రెండు బకెట్లు ఎక్కువ పారబోసింది. పిచ్చితల్లి! అలా ప్రతి చలికాలమూ.

ఎనభై ఒకటిలో హాల్లో రేడియేటర్ కారడం మొదలైంది. కింద గిన్నె పెట్టింది. తర్వాత బాత్‌రూమ్‌లోది కారింది. గుడ్డ చుట్టింది. దామోదర్ ఏదో లప్పం రాసేవాడు, అది వారానికే ఊడేది. ఎనభై రెండు చివర్లో అతని ఫ్యాక్టరీ మూసేశారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, అన్నాలు తిన్న పిల్లలు పడుకుని ఉన్నారు. రెండున్నరేళ్ళ మీనా గోడవారగా నిద్రపోతోంది. దాని తల దగ్గర రేడియేటర్ పక్క పగిలి, మరిగే ఎర్ర నీళ్ళు సన్నటి ధారగా ఎగిరాయి. ప్రమోద చెయ్యి అడ్డం పెట్టి పిల్లని లాక్కుంది. మీనా ఒంటి మీద చుక్క పడలేదు. దుప్పటి తడిసింది, ప్రమోద ముంజేయి కాలింది. దామోదర్ పరుగెత్తి బాయిలర్ ఆపేశాడు.

సాయంత్రం విద్య వచ్చేసరికి మిగతా పిల్లలు వెళ్ళిపోయారు. చల్లబడిపోయిన ఇంట్లో మీనా కోటూ టోపీతో ప్రమోద ఒళ్ళో కూర్చుని ఉంది. విద్య పిల్లని నిలువెల్లా తడిమి చూసుకుంది. తర్వాత ప్రమోద చేతికి మందు రాసి, కట్టు కట్టింది.

“ఐయామ్ సారీ ఆంటీ. అది దాని ఫేస్ మీద పడుంటే? నేను రిస్క్ తీసుకోలేను. రిపేర్ అయ్యేదాకా డే కేర్‌లో వేస్తాను. అవగానే కాల్ చేయండి, వెంటనే తెచ్చేస్తా.”

“రెండ్రోజులేనమ్మా. రేపే చేయిస్తాను.”

మర్నాడు ముసలి ప్లంబరు వచ్చాడు. గదిగదీ తిరిగి, రేడియేటర్లని తట్టి చూసి, ఇందులో నీళ్ళు ఎవరు మారుస్తున్నారని అడిగాడు. ప్రమోద కాస్త గర్వంగానే చెప్పింది, వారం వారం తనేనని. అతను బేస్‌మెంట్ మెట్టు మీద కూలబడ్డాడు.

“ఆ నల్ల నీళ్ళే మంచివమ్మా. మొదట్లో కాస్త ఇనుము తిని, ఇంక తినే శక్తి లేక పడుంటాయి. ఎన్నేళ్ళున్నా ఏమీ చెయ్యవు. కొత్త నీళ్ళలో గాలి ఉంటుంది, అది ఇనుముని తింటుంది. మీరు వారం వారం దానికి తిండి పెట్టారు.”

పగిలిన రేడియేటర్‌ని విడదీసి, పైపులకి మూతలు బిగించి, మిగతావాటి కోసం బాయిలర్ మళ్ళీ వెలిగించాడు. అవీ లోపల పలచబడ్డాయని, ఏది ఎప్పుడు పోతుందో చెప్పలేనని, అన్నీ మార్చాలని చెప్పి వెళ్ళాడు. ఉద్యోగం లేని ఇంట్లో అది ఆ ఏడాది అయ్యే పని కాదు.

ప్రమోద ఆ పూట అన్నం ముట్టలేదు. ఎవరో చేసిన పాపమైతే తిట్టి పోసేది. ఇది తన చేతులారా చేసుకున్నది. పిల్లల కోసమే చేసింది.

నాలుగో రోజు విద్యే ఫోన్ చేసింది.

“ఆంటీ, మీనా అన్నం ముట్టట్లేదు. డే కేర్‌లో డోర్ దగ్గరే కూర్చుంటోందట. హీట్ ఫిక్స్ అయిందా? మండే తీసుకు రానా?”

వెనకాల పిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఇల్లు వెచ్చగానే ఉంది. ‘రా’ అంటే చాలు. ఎదురుగా దామోదర్ రమ్మను, రమ్మను అని చేత్తో సైగ చేస్తున్నాడు.

“లేదమ్మా, బాగవలేదు,” అంది ప్రమోద. “ఏది ఎప్పుడు పగులుతుందో తెలీదు. పిల్లలెవర్నీ రానివ్వట్లేదు, మీనానీ తేవద్దు.”

“ఎన్నాళ్ళు పడుతుంది?”

“ఈ ఏడు కాదమ్మా. అన్నం బాగా మెత్తగా కలిపి, చిన్న చిన్న ముద్దలు పెడితే తింటుందని వాళ్ళకి చెప్పు.”

“అక్కడ అన్నం పెట్టరు ఆంటీ. సాండ్‌విచ్‌లే.”

ఫోన్ పెట్టేశాక ప్రమోద ఏడ్చింది. దామోదర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

అతనికి ఉద్యోగం దొరికి, ఇంటికి కొత్త రేడియేటర్లు వచ్చేసరికి దాదాపు రెండేళ్ళు పట్టింది. అప్పటికి విద్య వాళ్ళు ఒహైయో వెళ్ళిపోయారు. ఇంక లాభం లేదని తెలిసినా, అవగానే కాల్ చేయమంది కదా అని ప్రమోద ఫోన్ చేసి, ఇల్లు బాగైందని చెప్పింది. విద్య ఎంతో సంతోషించింది. “ఉండండి ఆంటీ, మీనాతో మాట్లాడండి,” అని పిల్లని పిలిచింది.

అవతల అడుగుల చప్పుడు దగ్గరకొచ్చింది. ఫోన్‌లో ఉన్నది ప్రమోద ఆంటీ అని వాళ్ళమ్మ చెప్పింది. “హూ?” అని మీనా అడగడం ప్రమోదకి స్పష్టంగా వినిపించింది.